లంగరు జారిన సాయంత్రం

మా ఆయన సింహాద్రి, భిలాయి స్టీల్ ప్లాంటులో క్రేను నడిపి నడిపి రిటైరయ్యాడు. ఇక ఇంట్లో కుదురుగా కూర్చోవచ్చు కదా! ఊరు దాటాక ఉన్న ఒక జలాశయంలో, మూతపడిన బోటు క్లబ్బు వాళ్ళ దగ్గర పాత తెరచాప పడవ కొన్నాడు. లైఫ్ జాకెట్లు కూడా కొనమంటే, "జాలరి పుటక మాది. మాకేటికే జాకెట్లు?" అని నవ్వాడు. నిజమే కాబోలనుకున్నాను.

లంగరు సొంతంగా చేయించాడు. తుక్కు బజారులో రైలు పట్టా ముక్క ఏరి, దానికో రింగు వెల్డింగ్ పెట్టించాడు. నేలను పట్టుకోవడానికి కొక్కేలుండాలి కదా అంటే, "ఇంత బరువుంది, సాల్దేటి?" అన్నాడు. ఉక్కు ఊరివాడికి బరువు మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

మే నెలలో ఒక సాయంత్రం మేం నీళ్ళ మధ్యలో ఉండగా ఆంధీ, అదే దుమ్ముగాలి, లేచింది. ముందు ఎర్ర దుమ్ము, వెనకే వాన. తెరచాప దించేసి లంగరు వేశాం. కాసేపటికి చూస్తే గట్టు మాకు దగ్గరవుతోంది. లంగరు బురదలో జారుతోందన్నమాట. ఆ గట్టు నిండా పేర్చిన బండరాళ్ళే.

"తాడు ఇంకా వదులు, కన్నమ్మా! పొడుగైతే పట్టుద్ది!" అని అరిచాడు. వదిలితే రాళ్ళకు మరింత దగ్గరవుతాం. అయినా వదిలాం. పట్టింది, మళ్ళీ జారింది. తాడంతా అయిపోయింది. అరచేతులు తోలు లేచి మండుతున్నాయి. భయపడే ఓపిక కూడా లేదు, ఎక్కడో ఒకచోట పడుకుంటే చాలనిపించింది.

"మావా, దూకీద్దాం. పక్కకి ఈదితే మెట్లున్నాయి. పడవ పోతే పోనీ."

ఆయన కదల్లేదు. నాకంటే పడవే ఎక్కువైందని ఒళ్ళు మండి, నోటికొచ్చినట్టు తిట్టాను.

"నువ్వెల్లు," అన్నాడు. "నాకు ఈత రాదే."

"ఏటీ?"

"మూడేళ్ళప్పుడే మా అయ్య ఊరొగ్గీసి భిలాయి తెచ్చీసినాడు. సెక్టర్ సిక్స్ క్వార్టర్లలో ఎక్కడ ఈదుతాను? నీకొచ్చు కదా, ఎల్లిపో."

నాగావళి ఒడ్డున పుట్టినదాన్ని, నాకొచ్చు. ఈయన్ని మెడకు తగిలించుకుని ఈదే శక్తి మాత్రం లేదు. వెళ్ళిపోవాలనిపించింది, అబద్ధమెందుకు. ఒక కాలు అంచు మీద పెట్టాను కూడా. నేను వెళ్ళడం తేలికవ్వాలని ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. అది చూసి ఏడుపొచ్చింది. కాలు తీసేసి, ఆయన పక్కన కూలబడి తాడు పట్టుకున్నాను.

నీళ్ళలో ఏ మోడుకు చిక్కుకుందో, లంగరు ఆగింది. రాళ్ళకు మూరెడు దూరంలో మేమూ ఆగాం. గాలి తగ్గాక జలాశయం కాపలావాడొచ్చి తాడు విసిరి, పడవను మెట్ల దగ్గరికి లాగాడు. లాగినంతసేపూ తిడుతూనే ఉన్నాడు.

"పాగల్ హో క్యా? తైర్నా భీ ఆతా హై?"

ఈతైనా వచ్చా అని అడిగేసరికి సింహాద్రి తల దించుకున్నాడు.

"ఆతా హై భయ్యా," అన్నాను. "దోనోంకో."

కాపలావాడు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మెట్లెక్కే ఓపిక లేక తడిబట్టలతో అక్కడే కూర్చున్నాం. ఆయన మెల్లగా, "ఇద్దరికీ ఈతొచ్చని అలగెందుకు సెప్పినావు?" అన్నాడు.

"రేపు పొద్దున్నే లెగు, నేర్పుతాను," అన్నాను. "నోరు మూసుకొని నేర్సుకో."