తడి పట్టని వాటా

పెద్దకోడలికి ఆ ఊరి వాన మీద కోపం లేదు. ఆ వాన ఒకే కప్పు కింద రెండు న్యాయాలు పాటిస్తున్నదన్నదే ఆమె అభియోగం. నడుమ ఒక్క గోడ. అటు వాటాలో మరిది సంసారం, ఇటు వాటాలో తనది. అటు గోడలు సున్నం వేసిన నాటి తెలుపుతోనే ఉన్నాయి. ఇటు మాత్రం, వచ్చి రెండు నెలలైనా కాకముందే, మంచం వెనుక నల్లని బూజు మనిషెత్తు పాకింది. తోలుచెప్పుల మీద, పెళ్లినాటి పెట్టెలోని చీరల మీద అదే బూజు.

ఇటుక బట్టీలు మూతపడిన తరువాత అన్నదమ్ములిద్దరూ ఈ వానల సీమలోని కలప కోత మిల్లులో పనికి కుదిరారు. తమ్ముడు ఏడాది ముందే వచ్చాడు. అన్న, తల్లిని వెంటబెట్టుకొని, తరువాత వచ్చాడు. పెద్దకోడలు కాపురానికి వచ్చిన నాటి నుండి అత్తగారు ఆమె దగ్గరే ఉన్నది. ఆమె తలకు నూనె రాసిన చేయి, ఆమె చీవాట్లు విన్న చెవి పెద్దకోడలివే. అటువంటి అత్తగారు దగ్గు ముదిరి, ఒకనాటి ఉదయం దిండు చంకన పెట్టుకొని అటు వాటాలోకి వెళ్లిపోయింది.

అటు నవ్వు వినబడినప్పుడల్లా ఇటు గిన్నెలు మోగాయి.

"మీ అమ్మకి ఆ చిన్నది ఏం మందు పెట్టిందో! ఇన్నేళ్లూ నా దగ్గర నవ్వని మనిషి, అక్కడ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది" అన్నది భర్తతో.

"ఉన్నవే నాలుగు పళ్లు. ఎక్కడ బయటపెడితే ఏంటే?"

"మీకన్నీ వేళాకోళమే. ముందొచ్చామని మంచి వాటా వాళ్లు పట్టేశారు. పెద్దవాళ్లం మనం. ఇదేం న్యాయం?"

ఆ న్యాయం అత్తగారి ముందుకే వెళ్లింది. చిన్నకోడలు చేతిలోని చేట దించకుండానే అంతా విన్నది.

"సరే అక్కా, మార్చుకుందాం. ఈ గోడలు నేనేమైనా పుట్టింటి నుంచి తెచ్చుకున్నానా?"

ఆ సుముఖత పెద్దకోడలికి రుచించలేదు. ఎదురు వాదించి ఉంటే గెలిచిన తృప్తి అయినా దక్కేది. ఆదివారం నాడు అటు సామాను ఇటు, ఇటు సామాను అటు మారింది. అత్తగారు మాత్రం మంచం దిగకుండానే తిరిగి పెద్దకోడలిదైపోయింది.

పెద్దకోడలు పుట్టి పెరిగినది దుమ్ము లేచే నేల. గాలి వీచగానే తలుపులు బిగించడం అక్కడ ఇల్లాలికి మొదట నేర్పే విద్య. అదే శ్రద్ధతో ఆమె ఇక్కడ చినుకు పడగానే కిటికీలన్నీ మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. తడి బట్టలను లోపలే దండెం మీద ఆరేసింది. ఒక్క చుక్కనైనా లోనికి రానివ్వలేదు.

నెల తిరగకముందే తెల్లని గోడ మూలన నల్లని చుక్కలు లేచాయి. అత్తగారు మళ్లీ దగ్గసాగింది.

పెద్దకోడలు విసవిసా అటు వాటాలోకి నడిచింది. బయట వాన దంచి కొడుతుండగా అక్కడి కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీ కింద నేల కొద్దిగా తడిసింది. మంచం గోడకు జానెడు ఎడంగా జరిగి ఉన్నది. తాను చూసి చూసి ఏడ్చిన గోడ శుభ్రంగా ఉన్నది.

"ఏం చేశావే దీన్ని?"

"కడిగాను, గాలి ఆడనిచ్చాను. అంతే అక్కా. ఇక్కడ తడి వానతో రాదు, మూసుకుని కూర్చుంటే లోపలే పుడుతుంది. మొదట్లో మా గోడలూ అంతే."

"మరి నాకు చెప్పడానికేం? నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నావా?"

చిన్నకోడలు కొంగు చివర వేలికి చుట్టుకున్నది.

"చెబితే అత్తయ్య నీ దగ్గరే ఉండిపోతారు. ఇన్నేళ్లూ నీ దగ్గరే ఉన్నారు కదక్కా. నాకు ఒక్క నెలైనా ఇచ్చావా?"

"మరి వాటా మార్చుకుందామంటే ఊఁ అన్నావే!"

"నువ్వు కిటికీలు మూస్తావని తెలుసు."

పెద్దకోడలు ఆమె మణికట్టు పట్టుకొని అత్తగారి మంచం దగ్గరకు తెచ్చింది. "ఇప్పుడు నాతో అన్నది ఈవిడతో అను."

చిన్నకోడలు తల దించుకొని, ఒక్క మాటైనా తగ్గించకుండా అన్నది.

అత్తగారు దగ్గు ఆపుకొని ఇద్దరినీ చూసింది. "చిన్నదానా, నా ఊపిరితో బేరమాడావన్నమాట! పెద్దదానా, దాని గోడ చూసి ఏడ్చే బదులు ఎలా కాపాడావే అని అడగలేకపోయావా?"

"నాకంటే చిన్నదాన్ని అడగనా?"

"నీ పెద్దరికమే నా గొంతుకడ్డం పడింది. వినండి ఇద్దరూ. రాత్రి పడక ఇక్కడ, పగలు అక్కడ. కాదంటే చెప్పండి, మిల్లుకెళ్లి రంపంపొట్టు మీద పడుకుంటాను."



మరునాడు పెద్దకోడలు గుడ్డలు పీకేసి, గోడ కడిగి, కిటికీ తెరిచింది. చల్లని గాలితో పాటు అటు వాటాలోని మాటలు కూడా లోపలికి వచ్చాయి. చిన్నకోడలు ఏదో అన్నది. అత్తగారు పకపకా నవ్వింది.

పెద్దకోడలి చేయి దానంతటదే కిటికీ రెక్క మీదికి వెళ్లింది. వెనుక గోడ ఇంకా పచ్చిగానే ఉన్నది. జల్లు ఆమె ముంజేతిని తడుపుతున్నది. పళ్లు బిగించి, ఆ నవ్వు ముగిసేదాకా, రెక్కను తెరిచే పట్టుకొని నిలబడింది.