మిరప కల్లం పక్కన సముద్రం

మిరప సీజన్లో సత్తెనపల్లిలో తుమ్మని మనిషి ఉండడు. పెళ్ళిచూపుల్లో పిల్ల తుమ్మినా పిల్లాడు తుమ్మినా శకునం చూసేవాళ్ళు లేరు, చూడవలసిన పెద్దలు కూడా తుమ్ముతూనే ఉంటారు కాబట్టి. రెండువేల తొమ్మిదో సంవత్సరం ఫిబ్రవరిలో ఆ ఊళ్ళో మనుషులు చాలక అక్బర్ వాళ్ళ గేమ్ మిషను కూడా తుమ్మడం మొదలుపెట్టింది.

మిషను తుమ్మడం ఏమిటంటే, డిస్కు లోపల పెట్టగానే గిర్రున తిప్పేది, గర్‌గర్‌మని గొంతు సవరించుకునేది, ఆ తర్వాత "ఇది నేను చదవలేను" అని టీవీ మీద రాసి చేతులెత్తేసేది. బడి మానేసిన కుర్రాడికీ దానికీ తేడా లేదు. విప్పి చూస్తే డిస్కుని చదివే లెన్సు మీద సన్నటి ఎర్ర దుమ్ము. అక్బర్ చెవిలో గుబిలి తీసినంత జాగ్రత్తగా దూదిపుల్లతో తుడిచేవాడు. రెండ్రోజులు బాగానే ఉండి, మళ్ళీ తుమ్మేది.

తప్పు మిషనుది కాదు. "అక్బర్ వీడియో గేమ్స్" కొట్టుకి ముందు నరసరావుపేట రోడ్డు, వెనక అక్బర్ ఇల్లు, పక్కన గోడ, గోడ అవతల చలమయ్యగారి మిరప కల్లం. ఆ కొట్లోనే ఒకప్పుడు అక్బర్ తాత దూది ఏకేవాడు. తాత దూదిని ఏకాడు, మనవణ్ణి మాత్రం ఊళ్ళో పిల్లల తల్లులు ఏకిపారేస్తున్నారు, చదువులు చెడగొడుతున్నాడని.

"మా ఊళ్ళో ఏ కారమైనా దొరుకుతుంది. గొడ్డుకారం, గుంటూరు కారం, అధికారం, అహంకారం! మమకారమే స్టాకు లేదు" అని అక్బర్ అంటుండేవాడు. ఆ స్టాకు జనవరిలో వచ్చింది. పేరు నస్రత్. ఊరు కొత్తపట్నం, సముద్రం ఒడ్డు. తండ్రి మాలిక్ వేట పడవలకి ఐసు గడ్డలు వేస్తాడు. ఐసు అమ్ముతాడే గాని, ఎవరికీ ఐసు పెట్టే మనిషి కాదు.

నస్రత్ వచ్చీరాగానే వంటిల్లు అందుకుంది. అత్తగారు జహీరున్నీసా కేకలకి బెదరలేదు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క నిద్ర తప్ప. పుట్టిన దగ్గర్నుంచి అలల హోరులో పడుకున్న పిల్లకి సత్తెనపల్లి నిశ్శబ్దం పెద్ద గోలగా ఉంది.

"మా ఊళ్ళో ఆ చప్పుడు ఆగిందంటే ఏదో కీడని అందరూ లేచి కూర్చుంటారండీ," అంది ఓ రోజు, కళ్ళ కింద నల్లటి చారలతో. "ఇక్కడ రోజూ ఆగిపోయే ఉంటది. ఎట్టా పడుకునేది?"

అక్బర్ లేచి ఫ్యాను స్పీడు పెంచాడు. ఫ్యాను కీచుమంది గాని అల కాలేదు.

జవాబు ఓ మధ్యాహ్నం దానంతటదే వచ్చింది. పిల్లలు పొలోమని బడికి పోయారు. పడవల పందెం ఆట తెర మీద అలాగే ఉండిపోయింది. ఆ ఆటకో గుణముంది. ఎవరైనా మీట నొక్కేదాకా పడవలు కనపడవు. ఇసుక, రెండు కొబ్బరిచెట్లు, ఒడ్డుకొచ్చి వెనక్కిపోయే అలలు, వాటి హోరు. అక్బర్ కట్టేయబోతుంటే ఇంట్లోకి దారి దగ్గరున్న పరదా కదిలింది. నస్రత్, చేతిలో బియ్యం చాటతో.

"ఏవండీ, దాన్ని కాసేపు ఉంచుతారా?"

"ఆడతావా?"

"ఊహూ. ఆడొద్దు, మీట కూడా నొక్కొద్దు. ఊరికే అట్టా ఉండనివ్వండి."

గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పది గింజలు ఏరిందో లేదో, తల ద్వారబంధానికి వాలిపోయింది. చాట ఒళ్ళోనే ఉంది. అక్బర్ కదిలితే ఒట్టు. గిరాకీగా వచ్చిన కుర్రాళ్ళకి గుమ్మంలోనే నోటి మీద వేలేసి చూపించాడు.

"ఏందన్నా, ఇయ్యాల బందా?"

"సముద్రం పోటు మీదుందిరా. సాయంత్రం రండి," అని గుసగుసలాడాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు కొట్టు సముద్రానికే. కానీ తుమ్మే మిషనుతో సముద్రమేం సాగుతుంది? అల సగం లేచి బిగుసుకుపోయేది. హోరు ఆగేది. నస్రత్ ఉలిక్కిపడి లేచేది. అక్బర్ దూదిపుల్ల పట్టుకుని దొంగలా నిలబడేవాడు.

అక్బర్ వాళ్ళలో పెళ్ళయ్యాక ఐదు శుక్రవారాలు జుమాగీలు చేస్తారు. కొత్త జంటని పిలిచి విందు పెట్టి బట్టలు పెట్టి పంపడం. నాలుగో జుమాగి కొత్తపట్నంలోనే జరిగింది. బయల్దేరేటప్పుడు నస్రత్ తల్లి అక్బర్‌ని పక్కకి పిలిచింది.

"నాయనా, ఏమనుకోబాక. పిల్ల నిద్దర్లేక చిక్కి సగమైంది. వచ్చే శుక్రవారం ఐదో జుమాగికి వస్తారు కదా, అప్పుడు కొన్నాళ్ళు ఇక్కడే ఉంచుకుంటాం."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళత్తమ్మా?"

"కొన్నాళ్ళంటే కొన్నాళ్ళే."

వారమంటే వారం, నెలంటే నెల. కొన్నాళ్ళు అన్నమాటకి మాత్రం ఏ పంచాంగంలోనూ లెక్క లేదు. బస్సులో ఒంగోలు దాటినా, గుంటూరు దాటినా అక్బర్ ఆ మాటకే లెక్క కడుతూ కూర్చున్నాడు. పక్కన నస్రత్ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది, నిద్రపోలేదు. అప్పుడే అనుకున్నాడు. ఈ వారంలో సముద్రాన్ని తుమ్మకుండా చెయ్యాలి.

బస్టాండు పక్కన కంప్యూటర్లు బాగుచేసే బాబ్జీ, అక్బర్‌కి ఒకటో క్లాసు నుంచి దోస్తు. విషయం విని నవ్వాడు.

"ఒరే పిచ్చోడా, డిస్కు తిరిగితే కదా లెన్సు కావాల్సింది! ఆటలన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, దాన్ని బయట్నుంచి వైరుతో మిషనుకి తగిలిద్దాం. మెమరీ కార్డులో ఓ చిన్న ప్రోగ్రాం పెడితే మిషను నోరు మూసుకుని అందులోంచే ఆడిస్తది."

"దుమ్ము?"

"దుమ్ము దులిపేసుకుంటది. లెన్సుతో పనే లేదుగా."

అక్బర్ తన డిస్కులన్నీ సంచిలో వేసుకొచ్చాడు. బాబ్జీ ఓ పాత లాప్‌టాప్‌లోంచి పీకిన హార్డ్ డిస్కుని ప్లాస్టిక్ డబ్బాలో బిగించాడు. చిన్నది. ఆటలన్నీ పట్టవు.

"కొవ్వు తీసేద్దాంరా," అన్నాడు బాబ్జీ. "ప్రతి ఆటలోనూ పాటలు, సినిమా బొమ్మలు చానా ఉంటయ్. అయ్యి లేకపోయినా ఆట ఆడుద్ది. ఇదిగో, ఈ ఫైలు చూడు, బోట్లాటలో సగం ఇదే తినేసింది. పేరు కూడా లేదు, నంబరే."

మీట నొక్కాడు. కంప్యూటర్ ముందున్న అగ్గిపెట్టెంత స్పీకర్లోంచి "స్‌స్‌స్" మని వచ్చింది. స్టేషన్ దొరకని రేడియో లాగా.

"ఏందది?" అన్నాడు బాబ్జీ.

అక్బర్ చెయ్యి ఊపాడు. మనసంతా శుక్రవారం మీదుంది. "ఏదో గోల. తీసెయ్."

హార్డ్ డిస్కుని చంటిపిల్లాణ్ణి తెచ్చినట్టు గుడ్డలో చుట్టి తెచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం మిషనుకి తగిలించి, పరదా పక్కకి లాగి, "రా, రా! ఇక ఆగదు చూడు" అని నస్రత్‌ని పిలిచాడు. ఇసుక వచ్చింది. కొబ్బరిచెట్లు వచ్చాయి. అలలు ఒడ్డుకొచ్చాయి, పోయాయి, బిగుసుకోకుండా, వెన్నలాగా. చప్పుడు మాత్రం లేదు.

టీవీ సౌండు పెంచాడు. ఇంకా పెంచాడు. వైరు పీకి పెట్టాడు. సముద్రం నోరు తెరిచి మూస్తోంది, మాట రావడం లేదు.

అప్పుడు అక్బర్‌కి ఆ "స్‌స్‌స్" గుర్తొచ్చింది.

బాబ్జీ దగ్గరికి పరుగెత్తాడు. "కంప్యూటర్లో పూర్తిది ఉందా?" "నా దాంట్లో ఖాళీ ఏదిరా, ఎప్పటిదప్పుడే తుడిచేశా. అసలు డిస్కు తెచ్చెయ్, మళ్ళీ ఎక్కిద్దాం." ఇంటికి పరుగెత్తాడు. "అమ్మా, నా డిస్కుల సంచి ఏదీ?"

జహీరున్నీసా ఉల్లిపాయలు తరుగుతోంది. "ఇంక వాటితో పన్లేదని నువ్వే కదరా అన్నావు! చలమయ్యన్న మిరపకాయల మీదికి చిలకలొస్తున్నాయని వాళ్ళావిడ పేరమ్మ గోలపెడుతుంటే ఇచ్చేశా."

అక్బర్ గోడ మీదుగా చూశాడు. కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు. వాటి పైన కర్రల మధ్య తాడు. తాడుకి వరసగా తన డిస్కులు, ప్రతి దానికీ మధ్య కన్నం పక్కనే మేకుతో కొట్టిన ఇంకో కన్నం. ఎండకి తళతళా మెరుస్తూ, గాలికి తిరుగుతూ, చేపల గుంపులా ఉన్నాయి. చిలక ఒక్కటీ లేదు. ఏ మిషనూ ఇక వాటిని చదవదు.

కొట్లోకి వచ్చి నస్రత్ ముందు కూర్చున్నాడు.

"నస్రత్, ఒక మాట చెప్తాను. కోపమొస్తే గిన్నెలు విసిరెయ్. అన్నీ మా అమ్మవే."

"చెప్పండి."

"నీ సముద్రం గొంతు నేనే కోయించా." జరిగిందంతా చెప్పాడు. బాబ్జీ కొవ్వు, తన చెయ్యి ఊపుడు, చిలకలు, మేకులు. "ఆ ఆట పాతది, ఇప్పుడు గుంటూర్లో కూడా దొరకదంట. శుక్రవారం మీ అమ్మ నిన్ను ఉంచుకుంటానంటే, ఉండొద్దనే ముఖం లేదు నాకు."

నస్రత్ ఆ ముఖం వైపు చూసింది. తెర మీద అల వచ్చింది, పోయింది.

"నా కోసం ఇంత తంటాలు పడ్డారా?" అంది. "మూగదైతే ఏం, మీరు తెచ్చిన సముద్రమేగా. ఉండనివ్వండి."

మళ్ళీ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. అక్బర్ ఆమె పక్కనే కింద కూర్చున్నాడు. పిల్లల అరుపుల్లేవు, ఆట పాటల్లేవు, డిస్కు తిరిగే గర్‌గర్ కూడా లేదు. ఆ కొట్లో అంత నెమ్మది ఎప్పుడూ లేదు. కాసేపటికి ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

"చప్పుడొచ్చింది."

"రాదు నస్రత్. నేనే కదా తీసేయించిం..."

"ఉష్! వినండి."

విన్నాడు. గోడ అవతల్నుంచి. ముందు సన్నగా గలగల, తర్వాత గుప్పున పెద్దదై, ఓ చివర దాకా పోయి, "స్‌స్‌స్" మని సద్దుమణగడం. మళ్ళీ ఆ చివర్నుంచి ఈ చివరికి. లేచి గోడ మీదుగా తొంగిచూశాడు. చలమయ్య భార్య పేరమ్మ, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చీలమండల దాకా మిరపకాయల్లో దిగి, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఆమె వెనక ఎండు కాయలు గలగలా తిరగబడుతున్నాయి.

"ఏంది అబ్బాయ్ తొంగిచూస్తున్నావు? బిళ్ళలు వెనక్కి అడుగుతావా ఏంది? ఇయ్యను!"

"వద్దత్తా, ఉంచుకో. నువ్వు మాత్రం కాసేపు ఆపబాక, అట్టాగే తిరగేస్తుండు!"

"ఆపితే కాయ తెల్లబడి తాలైపోద్ది. నువ్వొచ్చి చెప్పాలా నాకు?"

అక్బర్ వెనక్కి వచ్చేసరికి నస్రత్ నిద్రపోతోంది. తెర మీద అల ఒడ్డుకి వచ్చినప్పుడు, గోడ అవతల అల ఒక్కోసారి ముందొచ్చేది, ఒక్కోసారి వెనకొచ్చేది. కొన్నిసార్లు రెండూ కలిసేవి.

మర్నాడు జహీరున్నీసా కేకేసింది. "ఒరే అక్బరూ, నీ పెళ్ళాం కల్లంలో దిగిందిరా!" నిజమే. పేరమ్మ పక్కన నస్రత్, చెంగు ముక్కుకి కట్టుకుని, నీళ్ళలో నడిచినట్టు పాదాలు ఈడ్చుకుంటూ ఆ చివర్నుంచి ఈ చివరికి. సాయంత్రానికి పాదాలు భగ్గుమన్నాయి. అక్బర్ పళ్ళెంలో మజ్జిగ పోసి వాటిని అందులో పెట్టించాడు.

"మీ సముద్రంలో దిగితే కాళ్ళు చల్లబడతాయి. మా దాంట్లో దిగితే చూడు!"

"ఘాటు సముద్రం," అని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు అంత పైకి వినపడటం అదే మొదలు. "ఇది ఎప్పటిదాకా ఉంటదండీ?"

"ఏప్రిల్ దాకా. ఆ తర్వాత కల్లం ఖాళీ." ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"అప్పటికి అలవాటైపోద్దిలెండి," అంది. ఇక్కడి నిశ్శబ్దం సంగతి అందో, ఇంకేమన్నా అందో. అలవాటులో అల ఉందని అక్బర్‌కి తట్టింది గాని, శుక్రవారం గుర్తొచ్చి జోకు మింగేశాడు.

శుక్రవారం రానే వచ్చింది. కొత్తపట్నంలో విందు అదిరింది. చేపల పులుసు, రొయ్యల పలావు, మాలిక్ స్వయంగా గ్లాసులో ఐసు వేసి ఇచ్చిన షర్బత్. నడవా పక్కన గది సున్నం వేసి ఉంది. కొత్త పరుపు. కిటికీ సముద్రం వైపు. అక్బర్ ఆ పరుపుని చూసి, పళ్ళెం పక్కకి జరిపాడు. అత్తగారు వడ్డనలో ఉంది. పరుపే అంటోంది, కొన్నాళ్ళు అని.

సాయంత్రం ఇద్దరూ ఒడ్డుకి వెళ్ళి బోర్లించిన పడవ మీద కూర్చున్నారు.

"అమ్మ గది సర్దింది, చూశారా?"

"చూశా."

"ఏమీ అనలేదే?"

"ఏమనను? ఇక్కడ అసలుది ఉంది. నా దగ్గరున్నది నోరు లేనిది, దానికి పక్కింటావిడ డబ్బింగు."

నస్రత్ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది. పెద్ద అల ఒకటి విరిగి పాదాల దాకా వచ్చింది. వెనక్కి పోతూ గవ్వల్నీ ఆల్చిప్పల్నీ ఈడ్చుకుంటూ గలగలమని, ఆపైన "స్‌స్‌స్" మని సద్దుమణిగింది. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"వినండి," అంది. "పేరమ్మత్త కాయ తిరగేస్తోంది."

మరో అల విరిగింది. ఆమె ఇంకా వింటూనే, "పొద్దున్నే మొదటి బస్సుకి పోదామండీ. అంత కల్లం ఆవిడొక్కతే ఎంతకని తిరగేస్తది," అంది.

అక్బర్‌కి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. చటుక్కున మొహం తిప్పుకుని నెపం వెతికాడు. కొత్తపట్నం ఒడ్డున ఎంత దూరం చూసినా, తప్పు దాని మీద వేద్దామంటే ఒక్క మిరపకాయ కనపడలేదు.