మిషిని పిలిచిన పెండ్లి

నా కొడుకు జీవన్ హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసిన సంగతి నాకు చెప్పలేదు. వాళ్ళ చెల్లె సుహాసినికి చెప్పాడు. ఆమె నాకు చెప్పింది. మా ఇంట్లో మాట అట్లా తిరిగే వస్తుంది. ఇదివరకు ఆ మాటలు సుకన్య మోసేది. నా భార్య. పోయి ఆరేళ్ళయింది.

"మానేసి ఏం పెడుతడట?" అన్నాను.

"ఏఐ ఆటోమేషన్ బాపు."

లోపలి నుంచి జీవనే వచ్చాడు. "ఆఫీసుల్ల మనుషులు చేసే పని కంప్యూటర్ చేస్తది బాపు. ఫోన్లు గూడ అదే మాట్లాడుతది."

"మరి నువ్వేం జేస్తవ్?"

"అది మాట్లాడేటట్టు జేస్త."

వరంగల్ కొత్తవాడలో నేను జంపఖానాలు నేసి బతికినవాణ్ణి. నేను చెయ్యి తీస్తే మగ్గం ఆగేది. అందుకే ఇంకేమీ అడగలేదు.

సుబేదారిలో ఒక జిరాక్స్ షాపు మీద గది తీసుకున్నాడు. ఆటోమేషన్స్ అని బోర్డు పెట్టాడు. వర్ధన్నపేట రైతు ఒకాయన ఆ బోర్డు చూసి మెట్లెక్కి, బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఉందా అని అడిగాడు. మొదటి నెలలో వచ్చిన బేరం అదొక్కటే.

అంతలో సుహాసినికి పెండ్లి కుదిరింది. పెండ్లిలోపు ఒక్క గిరాకీ అయినా దొరక్కపోతే మళ్ళీ ఉద్యోగంలో చేరాలన్నాను. జీవన్ సరే అన్నాడు. ఆశ ఉన్నది ఒక్కచోటే. హసన్‌పర్తిలో ఫంక్షన్ హాలు నడిపే వెంకటయ్య.

"మీ పెండ్లికే చేసి చూపెట్టు" అన్నాడు వెంకటయ్య. "మిషిని పిలిస్తే జనం వస్తరా రారా చూస్త. వస్తే మా హాలుకు పెట్టుకుంట."

మా దిక్కు ఫోన్లో పిలిస్తే పెండ్లికి రారు. ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలవాలి. అది ఆడమనిషి పని. మా ఇంట్లో ఆ మనిషి లేదు. మా అక్క మొగిలమ్మకు మోకాళ్ళు లేవవు. కార్డులు పంచేవాళ్ళు దొరికారు గాని పిలిచేవాళ్ళు దొరకలేదు. అందుకే ఒప్పుకున్నాను. కొడుకు మీద ప్రేమతో కాదు.

"నీ గొంతు కావాలె. ఏదన్న చదువు బాపు" అన్నాడు జీవన్. పేపర్లో పత్తి ధరలు చదివాను. ఆ గొంతుతోనే మిషిని చుట్టాలందరికీ ఫోన్ చేసి, తిన్నరా, పానం మంచిగున్నదా, మీరు రాకుంటే మా బిడ్డ లగ్గం ఎట్లయితది అని అడిగింది. మొగిలమ్మ ఆటో కట్టించుకుని ఇంటికొచ్చింది.

"తమ్మీ, దవాఖానకు పోయినవా? ఏం చెప్పిండ్రు?"

"నాకేమైంది?"

"మరి గంత మంచిగ మాట్లాడినవ్?"

సుహాసిని బాధ వేరు. "మేనమామ లేకుంటే నన్ను పీటల మీదికి ఎవరు తీసుకపోతరు బాపు?"

"నడిచి పో" అన్నాను.

ఆమె మేనమామ సారంగపాణి. సుకన్య తమ్ముడు. ఆమె పాడె లేవకముందే, వచ్చినవాళ్ళందరి ముందు, "హైదరాబాద్ తీసుకపోతే మా అక్క బతుకుతుండె. పైసలకు చూసి చంపుకున్నవ్ బావా" అన్నాడు. డాక్టర్లు వరంగల్‌లోనూ ఉన్నారు. నా గడప తొక్కొద్దని ఆ రోజే చెప్పాను. తొక్కలేదు.

పెండ్లిరోజు పొద్దున్నుంచే హాలు నిండింది. వెంకటయ్య గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళను చూస్తున్నాడు. జీవన్ వెంకటయ్యను చూస్తున్నాడు. నేను పెద్ద తలుపు దగ్గర నిలబడి అందరికీ దండం పెడుతున్నాను. అప్పుడు ఆటో దిగాడు సారంగపాణి. వెంట భార్య భారతి. చేతిలో మేనమామ పెట్టే చీర.

"పిలిచినవ్ గద బావా. వచ్చిన" అన్నాడు.

నేను జీవన్ వైపు చూశాను. వాడు తెల్లబోయాడు. లోపలి నుంచి సుహాసిని వచ్చింది, బుగ్గన చుక్కతో.

"మామ నంబర్ లిస్టుల నేనే కలిపిన బాపు. అన్నకు తెల్వదు."

వెంకటయ్య దగ్గరికొచ్చాడు. ఆయన ముందు నిజం చెబితే కొడుకు గిరాకీ పోతుందని నాకు తెలుసు. చెప్పాను.

"నిన్ను నేను పిలువలే. మిషిని పిలిచింది."

"ఎరుకే" అన్నాడు సారంగపాణి. "'తిన్నవా బామ్మర్దీ' అన్నది. నువ్వెన్నడన్న అడిగినవా? గా ఒక్క మాటకే తెలిసిపాయె."

"తెలిసి ఎందుకొచ్చినవ్?"

"మిషినైన పిలిచింది. నువ్వు గదీ చెయ్యకపోతివి."

"నేను గూడ మాట్లాడిన అన్నయ్యా" అన్నది భారతి. "నడుము నొప్పి అంటే ఎంత ఓపికగ విన్నది!"

వెంకటయ్య చుట్టూ చూశాడు. "అయితే మిషిని అని మీకందరికి ఎరుకేనా?"

"ఎరుకే" అన్నది మొగిలమ్మ, కుర్చీలోంచి. "ముందు రోగమనుకున్నం. తర్వాత తెలిసింది."

"తెలిసి గూడ వచ్చిండ్రా?"

"రాకుంటే ఎట్ల? గంత మర్యాదగ పిలిస్తే."

వెంకటయ్య జీవన్ భుజం మీద చెయ్యి వేశాడు. "మా హాలుకు పెట్టు తమ్మీ. ఇంట్ల పెద్దమనిషి లేనోళ్ళకు మీ బాపు గొంతే పెడదాం."

నన్ను అడగలేదు.

సుహాసిని చెయ్యి చాపింది. "లోపలికి రా మామా."

తలుపులో నేనున్నాను. జరగలేదు. సారంగపాణి నా మొహంలోకి చూశాడు. తర్వాత సుహాసిని వాళ్ళను వంటశాల పక్క తలుపు గుండా తీసుకెళ్ళింది. ఫంక్షన్ హాలుకు తలుపులు చాలా ఉంటాయి.

పిల్లను పీటల మీదికి సారంగపాణే తెచ్చాడు.

జీవన్‌కు ఇప్పుడు తీరిక లేదు. మొన్న పొద్దున టీ తాగుతూ, "మామ గా నంబర్‌కు రోజూ ఫోన్ చేస్తాండు బాపు" అన్నాడు.

"ఏ నంబర్?"

"మిషినిది. నీతోని మాట్లాడినట్టే మాట్లాడుతాండు."

"ఏమంటాండు?"

వాడు గ్లాసులోకి చూశాడు. "అమ్మ ముచ్చటనే. హైదరాబాద్ తీసుకపోతే బతుకుతుండె అంటడు."

"మిషిని ఏమంటది?"

"'అవును బామ్మర్దీ, తీసుకపోయేది ఉండె' అంటది."

"గొంతు నాది. మాట నాది కాదు."

"నేను గట్ల చెప్పుమనలే బాపు. ఎవరన్న బాధ చెప్పుకుంటే కాదనొద్దని పెట్టిన, గంతే." గ్లాసు కింద పెట్టాడు. "మామకు బంద్ చెయ్యాల్నా?"

బయట వెంకటయ్య పంపిన బండి హారన్ కొడుతోంది.

"పో. పనికి ఆలస్యమైతాంది" అన్నాను.