లోహయ్య తలకాయ

నేను ఒక ఇడ్లీ పాత్రను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసి కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అసలే స్టీలుదాన్ని, ఇట్టే వేడెక్కుతాను. ఒకప్పుడు ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇల్లిల్లూ నన్ను కళ్ళప్పగించి చూసింది. అదీ తలకిందులుగా. మీ వంటింట్లో ఏ గిన్నెకైనా ఆ యోగం పట్టిందేమో అడిగి రండి.

పుట్టింది మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో. చదునుగా ఉన్న రేకును మర కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దితే నాకు బొజ్జ వచ్చింది. తర్వాత రెండు చెవులు అతికించి, బొడిపె ఉన్న మూత ఒకటి నెత్తిన పెట్టి కాకినాడ పంపారు. అక్కడి పాత్రల కొట్లో నన్ను కొన్నది ప్రసూన అనే సామర్లకోట పిల్ల. తన ప్రాణస్నేహితురాలు మంగతాయారు పెళ్ళికి కానుక ఇద్దామని. కొట్టు మెట్ల మీద పేర్లు కొట్టేవాడు నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఉలి పెట్టి, చుక్కలు చుక్కలుగా "మంగతాయారుకు ప్రసూన" అని కొడుతుంటే నాకు ప్రాణాలు పోయాయి. ప్రసూన మాత్రం పక్కనే నిలబడి, "ఇంకా పెద్దగా కొట్టవయ్యా, వీధి చివర్నుంచి కనపడాలి!" అంటూ వాడి ప్రాణం తీసింది.

ఈ ఇద్దరు పిల్లల సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళకు చీరల పిచ్చి లేదు, నగల పిచ్చి లేదు. గ్రహాల పిచ్చి. గ్రహసంచారి అనే పేరుతో ఎవరో మహానుభావుడు వారపత్రికలో వరసగా మూడు నవలలు రాశాడు. "అంగారక అగ్రహారం", "శుక్రుడి మీద సంత", "శనిగ్రహం ఆఖరి బస్సు". వీళ్ళు వారంవారం ఆ కాగితాలు కత్తిరించి, మైదాపిండి జిగురుతో అంటించి, అట్టలేసి దాచుకునేవాళ్ళు. అందులో లోహయ్య అనే యంత్రమనిషి, ఇత్తడమ్మ అనే ఇంకో యంత్రం మంచి స్నేహితులు. మూడో నవల చివర శనిగ్రహం నుంచి భూమికి ఆఖరి బస్సు బయల్దేరుతుంది. ఒక్కటే సీటు ఖాళీ. "తలుపు మూసుకుంది. దుమ్ము లేచింది." అంతే, అక్కడితో ఆపేశాడు. లోహయ్య ఎక్కాడా, ఇత్తడమ్మ కోసం ఉండిపోయాడా? చెప్పడు. రాసేవాళ్ళకేం, దుమ్ము లేపి పోతారు.

ఆ ఆఖరి సంచిక వచ్చిన రోజు నేను పాత పేపర్లో చుట్టుకుని ప్రసూన వాళ్ళ వసారాలోనే ఉన్నాను. మంగతాయారు పెళ్ళి వారంలో పడింది. కాపురం హైదరాబాదులో.

"ఎక్కేశాడే," అంది మంగతాయారు. "ఎక్కక ఏంచేస్తాడు, అక్కడే కూచుని తుప్పు పడతాడా?"

"ఛీ! ఇత్తడమ్మని ఒక్కదాన్నీ వదిలేసి ఎలా ఎక్కుతాడే? ఎక్కలేదు."

"ఎక్కాడు."

"అవున్లే. నువ్వు బస్సెక్కే రకానివి, నీకు అలాగే అనిపిస్తుంది," అనేసింది ప్రసూన.

మాట అన్నాక వెనక్కి వస్తుందా? మంగతాయారు చివాలున లేచి వెళ్ళిపోయింది. పెళ్ళికి ప్రసూన వచ్చింది, నన్ను పీటల పక్కన పెట్టింది, విస్తట్లో చెయ్యి కూడా పెట్టకుండా వెళ్ళిపోయింది. పెళ్ళింట భోంచెయ్యకుండా పోవడం అంటే మాటలు కాదు. మంగతాయారు ఆ సంగతి నా ముందు ఎన్నిసార్లు తలుచుకుందో చెప్పలేను. ఇద్దరిలో ఒక్కరూ ముందు పలకరించలేదు. పౌరుషం తిండి పెడుతుందా అంటే పెట్టదు, కానీ మనుషులు దాన్నే మేపుతారు.

ఏళ్ళు గడిచాయి. పెనిమిటి జీతం చాలక మంగతాయారు చిక్కడపల్లిలో మెస్ పెట్టింది. నా పొట్టలో ఉడికిన ఇడ్లీలు తిని ఎంతమంది గుమాస్తాలు ఆఫీసర్లయ్యారో! ఆ రోజుల్లోనే సోమశేఖరం అనే దర్శకుడు ఊరి బయట ఒక షెడ్డు అద్దెకు తీసుకుని టీవీ సీరియల్ మొదలెట్టాడు. వాళ్ళకు టిఫిన్లు మా మెస్ నుంచే. ఒకరోజు ఆటోలో ఇడ్లీలతో సహా నేనే వెళ్ళాను. అక్కడ సోమశేఖరం తల పట్టుకుని కూర్చున్నాడు. యంత్రమనిషి తలకని బొంబాయి నుంచి తెప్పించినది పెట్టె విప్పేసరికి ముక్కలైంది. ఆయన చూపు నా మీద పడింది. ఇడ్లీలు ఖాళీ చేయించాడు, నన్ను బోర్లించాడు, గవర్రాజు అనే నాటకాల నటుడి నెత్తిన పెట్టాడు. నేను వాడి గడ్డం దాకా దిగాను. రెండు చెవులూ ఉన్నాయి. కళ్ళ చోట ఎర్ర బల్బులు అంటించారు. వాటి మీద, సరిగ్గా నుదుట, పేర్లు తలకిందులుగా మెరిశాయి.

"ఆహా, అంగారకుల లిపి!" అన్నాడు సోమశేఖరం. చూడగలిగేవాడికి ఏదైనా లిపే.

పాత్ర రాలేదేమని మంగతాయారు స్వయంగా వచ్చింది. నన్ను ఆ స్థితిలో చూసి చీపురు కోసం వెతికింది. సోమశేఖరం కంగారుగా, "అమ్మా, కోప్పడకండి, ఇది 'అంగారక అగ్రహారం' అని..." అన్నాడో లేదో, ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"గ్రహసంచారి గారిదా? మూడు నవలలూనా?"

"మూడూనమ్మా."

"తీసుకోండి బాబూ. కానీ దీనికి కన్నాలు పొడవకూడదు, పొద్దున్న టిఫిన్లయ్యాకే పట్టికెళ్ళాలి. ఇంకోటి, ఆఖర్న పేర్లు పడతాయి కదా, అందులో మా మెస్ పేరు వెయ్యాలి."

వ్యాపారం కోసమే అనుకున్నారు అందరూ. నాకు తెలుసు ఎవరు చదవాలని వేయించిందో. ప్రసూన సామర్లకోటలోనే పంతులమ్మగా ఉందని ఎవరో చెప్పగా వింది. ఈ సీరియల్ వస్తే ఆమె చూడకుండా ఉండదు. చూస్తే నా నుదుటి రాత గుర్తుపట్టకుండా ఉండదు. గుర్తుపడితే వస్తుందా? మంగతాయారుకు కావలసింది అదొక్కటే.

సీరియల్ మొదలైంది. ఆదివారం పొద్దున మా మెస్ హాల్లో జనం కిటకిటలాడేవారు. తెర మీద నేను శత్రుగ్రహాల మీద విరుచుకుపడుతుంటే, వంటింట్లో నేనే రెండో వాయి ఉడికించేదాన్ని. "ఆ యంత్రం మొహం ఎక్కడో చూసినట్టుందండీ," అనేవారు నా ఇడ్లీలే నములుతూ. మనుషుల తెలివికి దిష్టి తియ్యాలి.

అందరికంటే ముందు వరసలో దీక్షితులు మాస్టారు. పత్రికలోంచి కత్తిరించి బైండు చేయించిన నవలలు ఒళ్ళో పెట్టుకుని, టీవీ వైపు ఒకసారి, పుస్తకం వైపు ఒకసారి చూసేవారు.

"నవల్లో లోహయ్యకి ఆరు చేతులండీ! ఇక్కడ రెండే! మిగతా నాలుగూ ఎవడు మింగాడు?"

"బడ్జెట్టు చాలుండదు మాస్టారూ," అనేవాడెవడో.

"అప్రాచ్యం! ఇంక చూడను!" అని లేచేవారు. మళ్ళీ వారం అందరికంటే ముందొచ్చి అదే కుర్చీ పట్టుకునేవారు.

ఇక ప్రేక్షకుల ఉత్తరాలు. సోమశేఖరం వాటిని గోనెసంచిలో తెచ్చి టిఫిన్ దగ్గర చదివి వినిపించేవాడు. లోహయ్య నడక అద్భుతమని, ఆ తడబాటు, ఆ చేతులు చాచడం అచ్చం యంత్రమేనని ఎంతమందో పొగిడారు. పాపం గవర్రాజుకు నాలో ఏమీ కనపడేది కాదు, గోడలు తడుముకునేవాడు, అదీ సంగతి. ఒక కాలేజీ కుర్రాడు నా నుదుటి లిపిని ఛేదించానని, దానర్థం "శాంతి" అని రాశాడు. ఒక పెద్దమనిషి అది మన పురాతన లిపేననీ, అంగారకులు మన దగ్గరే నేర్చుకున్నారనీ తేల్చాడు. ఇంకో తల్లి, "అంగారకుడంటే కుజుడే కదా. మా అమ్మాయికి కుజదోషం. తలంటు పోసి వారం తప్పకుండా మీ సీరియల్ చూపిస్తున్నాం. దోషం పోతుందా?" అని అడిగింది. పోయిందో లేదో తెలియదు గానీ, ఆ పిల్లకు సంబంధం కుదిరిందని కొన్నాళ్ళకు లడ్డూలు పంపింది. సోమశేఖరం నోరు మూసుకుని తిన్నాడు.

పిల్లల గోల చెప్పనలవి కాదు. ఇంటింటా ఇడ్లీ పాత్రలు బోర్లించుకుని వీధుల్లో యుద్ధాలు. మా పక్కింటి బుడ్డోడికి తల ఇరుక్కుపోతే నూనె రాసి, సబ్బు రాసి, ఆఖరికి వాళ్ళ బామ్మ గిన్నె తియ్యకపోతే సీరియల్ బందు అనగానే వాడే లాక్కుని బయటపడ్డాడు.

ఇంత జరుగుతున్నా మంగతాయారు ప్రతి ఆదివారం పేర్లు పడే దాకా టీవీ ముందు నిలబడి, తర్వాత గుమ్మం వైపు చూసేది. ఎవరూ రాలేదు. నన్ను తోముతూ, "చూళ్ళేదేమోనే. లేకపోతే చూసే రాలేదా?" అని నన్నే అడిగేది. నాకూ గుండె ఉంటే బరువెక్కేది. నిజం చెప్పాలంటే, ఎక్కింది.

కథ మూడో నవలకు వచ్చేసరికి జనం రెండు ముక్కలయ్యారు. లోహయ్య ఎక్కాలని కొందరు, ఎక్కకూడదని కొందరు. పిల్లలంతా ఎక్కాలన్నారు. భూమి మీదకు వస్తే తమ ఇంటికి రమ్మని చిరునామాలు కూడా పంపారు. సోమశేఖరం ఎక్కించడానికే తీర్మానించాడు. ఆఖరి షూటింగు రోజున మంగతాయారు నన్ను చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాబూ, లోహయ్య బస్సు దిగిపోవాలి. లేదంటే పాత్ర ఇవ్వను."

"అమ్మా! పిల్లలు నన్ను రాళ్ళతో కొడతారమ్మా! ఇన్నాళ్ళూ ఎక్కాడనే కదా మీరూ అన్నారు?"

"అన్నాను. అన్నదాన్ని నేనే, ఎక్కినదాన్నీ నేనే. వెనక దుమ్ములో నిలబడ్డదాని మొహం చూళ్ళేదు. ఇప్పుడు చూపించాలి. అది చూస్తుంది." ఆవిడ నన్ను చంకలోంచి తీసి ముందుకు చాపింది. "దిగాడని చూపించు నాయనా."

ఎవరు చూస్తారో, ఏమిటో సోమశేఖరానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆవిడ కళ్ళు చూశాక సరేనన్నాడు. కెమెరా తిరిగింది. లోహయ్య బస్సెక్కాడు, ఒక్క క్షణం ఆగాడు, వెనక్కి తిరిగాడు, దిగాడు. దిగడమంటే, గవర్రాజుకు మెట్టు కనపడక దబ్బున పడ్డాడు. నా పక్కన ఇంత సొట్ట. ఇత్తడమ్మ వేషం కట్టినామె నిజంగానే పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. సోమశేఖరం "కట్" అనడం మరిచిపోయాడు.

ఆ ఆదివారం మా హాల్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. ఒక్కరూ ముట్టలేదు. దీక్షితులు మాస్టారు పుస్తకం మూసేసి కళ్ళజోడు తుడుచుకుంటూ, "చేతులు రెండైతేనేం," అన్నారు. పిల్లలు మాత్రం సోమశేఖరాన్ని ఉత్తరాల్లో ఉతికి ఆరేశారు. టీవీవాళ్ళు నన్ను అద్దాల బీరువాలో పెడతామని వచ్చారు. "పెడితే రేపటి ఇడ్లీలు మీరొచ్చి వేస్తారా?" అని మంగతాయారు పంపేసింది. గుమ్మం వైపు చూడటం మాత్రం మానలేదు. తర్వాత రెండు రోజులకు అదీ మానేసింది.

మానేసిన రోజునే వచ్చింది. భుజాన సంచి, నెరిసిన జుట్టు, రైలు ప్రయాణపు మసి. వీధి గుమ్మం దగ్గరే గొంతెత్తింది.

"ఎవరే వాణ్ణి దింపించింది?"

ఆ గొంతు నాకు కాకినాడ మెట్ల మీద నుంచీ తెలుసు. మంగతాయారు చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

"ప్రసూనా! నేనేనే. నీ కోసమేనే. నువ్వన్నట్టే ఉండిపోయాడే..."

"నా కోసం నీకెవరు చెప్పారే దింపమని? వారం వారం చూస్తున్నాను. ఆ నుదుటి మీద నా పేరు చూసి వద్దామనుకుని, ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీక ఆగిపోయాను. వాడు బస్సెక్కగానే బయల్దేరదామని సంచి కూడా సర్దుకున్నాను. తీరా చూస్తే దింపేశారు!"

"ఎక్కలేదని నువ్వే కదే పోట్లాడావు!"

"ఇరవై ఏళ్ళప్పుడు ఏం తెలుసే నాకు? తర్వాత ఎన్నిసార్లు చదివానో. వాడు ఎక్కాడే. ఎక్కాల్సిందే. ఇత్తడమ్మే వాణ్ణి వెనకనుంచి తోసి ఎక్కించుంటుంది. తొయ్యలేకపోయింది నేనే."

మంగతాయారు గరిటె పక్కన పెట్టింది. పీట వాల్చింది, ఆకు వేసింది, నా మూత తీసి నాలుగు ఇడ్లీలు పెట్టింది. ప్రసూన కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ ముద్ద కోసం మంగతాయారు పెళ్ళినాటి నుంచీ ఎదురుచూసింది.

"అయినా సరే, దిగాడు," అంది మంగతాయారు.

"ఎక్కాడు. ఇంకో రెండు వెయ్యి."

"దిగాడే, నా కళ్ళారా చూశాను."

"టీవీలో చూపిస్తే అయిపోయిందా? పుస్తకం తియ్యి."

అలా వాదించుకుంటూనే ఇద్దరూ కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. అద్దుకుని, ఒకరిని చూసి ఒకరు సిగ్గుపడి, "దిక్కుమాలిన పాత్ర, సొట్టపడి మూత సరిగ్గా కూర్చోవట్లేదు, ఆవిరంతా కళ్ళలోకే," అని నన్ను తిట్టారు. పడ్డాను. ఏం చేస్తాం? పొయ్యి ఆర్పేసి అప్పటికి చాలాసేపయింది.