ముందు అద్దం, తర్వాత నవ్వు

ఆ పిల్ల అసలు పేరు వీధిలో ఎవరూ పలకరు. ఏం చెప్పినా "ఏం కాదు" అంటుంది కాబట్టి, అందరికీ ఆమె పేరు ఏంకాదు.

వాళ్ల తాతది అద్దాల కొట్టు. ఆ ఉదయం సెలూన్ మామకు నిలువుటద్దం చేరవేయాలి.

"ఓ కొస నేను పట్టుకుంటా తాతా. ఏం కాదు."

"పగిలిందో, ఇంకెప్పుడూ అద్దం మీద చెయ్యి వెయ్యనివ్వను."

తాత మాటంటే మాటే. అద్దాల పని నేర్చుకోవాలని ఏంకాదుకు ప్రాణం లాగేస్తుంది. అయినా నోరు ఊరుకోదు.

"మెట్టు మీంచి ఆ నీటిగుంటలోకి దూకనా?"

"దూకు. తడిస్తే ఆరతావు."

"మరి అద్దంతో?"

"పగులుతుందా అని కాదే అడగాల్సింది. పగిలితే అతుకుతుందా అని అడుగు."

ముందు ఏంకాదు, వెనక తాత. చూడాలని సరదాపడి అద్దం ముఖాన్ని వీధివైపు పెట్టించింది. ఇక చూసుకోండి. అద్దంలో మేడలు తాగినట్టు తూలాయి. ఆరేసిన చొక్కాలు టాటా చెప్పాయి. సైకిలాయన తన మీసం చూసుకుంటూ పోయి గోడను ముద్దుపెట్టుకున్నాడు. ఏంకాదు పెదవి కొరుక్కుంది. కడుపులో నవ్వు బుడబుడలాడింది.

మలుపులో ఒక మేకపోతు ఎదురైంది. అద్దంలో ఇంకో మేకపోతు కనబడింది. ఇది గడ్డం ఊపింది. అదీ ఊపింది. ఎంత పొగరని ఇది కొమ్ములు వంచింది.

"ఏం కాదు" నాలుక చివరి దాకా వచ్చింది. పగిలితే అతుకుతుందా? మాట మింగేసింది.

"తాతా, దించు. ముఖం గోడకు తిప్పి దించు."

"మేకపోతుకి భయపడ్డావా?"

"దానికి కాదు. నాకు నవ్వొస్తోంది. నవ్వితే నా చేతుల్లో పట్టుండదు."

ఇద్దరూ మెల్లగా దించి, గోడకు ఆనించారు. మేకపోతు ఊపుగా వచ్చి ఆగిపోయింది. శత్రువు మాయం. ఉన్నది అద్దం వెనక చెక్క. చెక్కను వాసన చూసింది, గోడను చూసింది. చివరికి తాత జేబులో తల పెట్టి వెతికింది.

అప్పుడు నవ్వింది ఏంకాదు. కూలబడి, దొర్లి, ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. తాత ముఖం గంటు పెట్టుకుని నిలబడ్డాడు. మేకపోతు ఆయన కళ్లజోడు నోట కరిచి బయటికి లాగగానే ఆయనా గోడ పట్టుకుని కూలబడ్డాడు.

నవ్వు పూర్తిగా ఆరాకే అద్దం ఎత్తారు. ఈసారి ముఖం గోడవైపు.

బట్టతల సెలూన్ మామ తలుపులోనే నిలబడి ఉన్నాడు. "దారిలో ఏం కాలేదు కదా?"

"అయ్యేదే," అంది ఏంకాదు. "దించేశాం."

తాత కళ్లజోడు తుడుచుకుంటూ మనవరాలితో అన్నాడు. "రేపు పెందలాడే రా. ఇంకోటి చేరవేయాలి."