మాలిస్ అని చెప్పుకున్న అమ్మాయి

మా నాన్న బతికున్నాడో లేదో పద్నాలుగేళ్ళు మాకు తెలియదు. ఆయన పోయాడన్న కబురూ, ఆయన కూతుర్నని చెప్పుకునే అమ్మాయీ ఒకేసారి మా గుమ్మం ఎక్కాయి.

అప్పటికి ఎన్నికలకు ఇంకా రెండు నెలలున్నాయి. థాయి సరిహద్దు శిబిరాల్లోని జనాన్ని తెల్ల బస్సుల్లో తెచ్చి మా ఊరు బత్తంబాంగ్‌లో దించుతున్నారు. అమ్మా నేనూ నది ఒడ్డు వీధిలో బియ్యపు నూడుల్స్ చేసి చేపల పులుసుతో అమ్ముకునేవాళ్ళం. ఆ మధ్యాహ్నం సరుకంతా అయిపోయి అమ్మ గుండిగ తోముతోంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె భుజాన గోనెసంచీతో వచ్చి నిలబడింది.

"నూడుల్స్ యిమ్ గారిల్లు ఇదేనా?"

"మా అమ్మతో ఏం పని?" అన్నాను.

"నేను మాలిస్‌ని. మా నాన్న సారిన్." నా ముఖంలోకి చూసి, "నువ్వు నేరీ అక్కవి కదూ?" అంది.

మాలిస్ నా చెల్లెలు. డెబ్భై తొమ్మిదిలో, పాత ప్రభుత్వం కూలి అందరూ రోడ్లమీద పడ్డప్పుడు, నాన్న దాన్ని ఎత్తుకుని బియ్యం కోసం సరిహద్దుకు వెళ్ళాడని, తర్వాత కాల్పులు మొదలై తిరిగి రాలేకపోయాడని అమ్మ చెప్పింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, దానికి నాలుగు.

అమ్మ గుండిగ కింద పెట్టలేదు. ఆ పిల్లను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది.

"తిన్నావా?" అంది, దారినపోయే వాళ్ళనెవరినైనా అడిగినట్టు.

"లేదమ్మా."

"లోపలికి రా. ఎండలో నిలబడకు."

వంటింట్లోకి రాగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అది నా కూతురు కాదు. ఓ కన్నేసి ఉంచు."

"ఎలా చెప్తున్నావమ్మా? నాలుగేళ్ళప్పుడు చూశావు."

"కాదంటే కాదు."

అమ్మ పళ్ళెం కడిగి అన్నం వడ్డించింది.

ఆ పిల్ల సంచీలోంచి నాన్న ఫోటో తీసింది. జుట్టు నెరిసింది, మనిషి చిక్కిపోయాడు, కానీ ఆయనే. ఒంటిమీద సరిహద్దు తిరుగుబాటు సైన్యం దుస్తులు. ఆరేళ్ళ క్రితం పైలిన్ దారిలో నా భర్త ఆ సైన్యం పాతిన మందుపాతర మీద కాలేసి పోయాడు. మాకు పెళ్ళయి అప్పటికి పదినెలలు. ఫోటో బోర్లించి పెట్టాను.

"ఈయన తుపాకీ పట్టాడా?"

"మూడేళ్ళు మూటలు మోయించారక్కా. తర్వాత దగ్గు పట్టుకుంటే వదిలేశారు. పోయిన వానాకాలంలోనే..." అని తల దించుకుంది. "బతికినన్నాళ్ళూ ఒకటే మాట. మీ అమ్మ బత్తంబాంగ్‌లో నది ఒడ్డున నూడుల్స్ చేస్తుంది, దాని చేతి పులుసు తింటే పోయిన ప్రాణం తిరిగొస్తుంది అని."

అమ్మ అటు తిరిగి పొయ్యిలో బూడిద ఎత్తుతోంది. బూడిద ఎప్పుడో ఎత్తేసింది. మళ్ళీ ఎత్తుతోంది.

మర్నాటికే వీధంతా తెలిసిపోయింది. పక్కింటి తూచ్ పిన్ని గోడ మీదుగా తల పెట్టింది.

"జాగ్రత్తే నేరీ! అక్కణ్ణుంచి వచ్చేవాళ్ళందరికీ ఏదో ఒక పేరుంటుంది. పోయినవాళ్ళ పేర్లు అక్కడ దొరుకుతాయట, పాత చొక్కాల్లాగా. నీ మొగుణ్ణి చంపినవాళ్ళు ఇప్పుడు నీ ఇంట్లో ఎవరెవరు వస్తున్నారో చూసుకోవడానికి పంపారేమో!"

"ఊరుకో పిన్నీ, అది వింటుంది."

"విననీ. నిజమైతే కోపం రాదుగా!"

ఆ మాట కొట్టిపారేశాను గానీ చూడటం మాత్రం మానలేదు. ఆ పిల్ల గోడకు వీపు ఆనించి, గుమ్మం వైపు ముఖం పెట్టి తినేది. పళ్ళెంలో మెతుకు మిగిల్చేది కాదు. మధ్య మధ్య థాయి మాటలు దొర్లేవి. పిండి పిసకడం చూపిస్తే ఒక్కరోజులో నేర్చుకుంది. ఒకసారి పరీక్షిద్దామని, "మన పాత ఇంటి వెనక ఏ చెట్టుండేదో గుర్తుందా?" అని అడిగాను.

"లేదక్కా. నాకేమీ గుర్తులేదు."

అబద్ధం చెప్పదలుచుకున్నది అయితే ఏదో ఒక చెట్టు పేరు చెప్పేది. నాకు అదే అర్థం కాలేదు.

ఇంతకంటే అర్థం కానిది అమ్మ. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మాలిస్ కోసం ఎక్కడా అడగలేదు. తూచ్ పిన్ని తన తమ్ముడి కోసం తిరగని ఆఫీసు లేదు. పగోడా గోడ మీద తప్పిపోయిన వాళ్ళ ఫోటోలు అంటిస్తుంటే, మనమూ రాసి పెడదామన్నాను. "రాస్తే వస్తారా?" అని తోసిపుచ్చింది. ఏ తల్లయినా అలా అంటుందా? అమ్మే మాలిస్‌ను ఎవరికైనా ఇచ్చేసిందా? ఈ పిల్ల నిజంగా మాలిసే అయి, ముఖం చూడలేకే కాదంటోందా? పక్కన కూచుని పిండి పిసుకుతూనే, నేను అమ్మ చేతులను కొత్తవాళ్ళ చేతుల్లా చూసేదాన్ని.

మూడో వారంలో తూచ్ పిన్ని మళ్ళీ వచ్చింది. "మీ పిల్ల రోజూ మధ్యాహ్నం ఎక్కడికెళ్తోందో కనుక్కున్నావా? పగోడా వెనక ఎవడో కాగితాలు పట్టుకున్నవాడితో మాట్లాడుతుంటే మా ఆయన చూశాడు."

ఆ మధ్యాహ్నం నేను వెనకే వెళ్ళాను. తలమీద తువ్వాలు కప్పుకుని, వీధి రెండో వైపున నడిచాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నేరుగా పగోడా గోడ దగ్గరికెళ్ళింది. అక్కడ వందల కాగితాలు, ఫోటోలు. ఒక్కొక్క కాగితం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతోంది. పక్కన బల్ల వేసుకున్న ముసలాయన చదువు రానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెడతాడు. ఆయన్ని అడిగింది: "తాతా, ఇవాళ కొత్తవి ఏమైనా వచ్చాయా? ఆడపిల్ల కావాలని?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి భుజం పట్టుకుని తిప్పాను.

"ఎవరి పేరు వెతుకుతున్నావు? మా ఇల్లు చాలలేదా, ఇంకో ఇల్లు చూసుకుంటున్నావా?"

ఆమె బెదరలేదు. ఎప్పటికైనా ఇలా అడుగుతానని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"మీరు నన్ను నమ్మట్లేదు. నన్ను నేనే నమ్మట్లేదక్కా."

గోడ నీడలో కూలబడింది. "నాకు ఒకటే గుర్తుంది. ఒకావిడ. ఎర్ర గళ్ళ తువ్వాలు. రోడ్డు పక్కన పడుకుని ఉంది, లేవట్లేదు. నేను పక్కన కూచున్నాను. అప్పుడు నాన్న వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. 'మాలిస్, మాలిస్' అంటూ ఏడ్చాడు. ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి. పెద్దయ్యాక ఆవిడెవరు నాన్నా అంటే, కల అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా కల అనే అన్నాడు."

గొంతు తగ్గించి అంది: "ఎత్తుకెళ్తుంటే ఆవిడ చెయ్యి కదిలినట్టుంది. గాలికి తువ్వాలు కదిలిందో, చెయ్యే కదిలిందో."

ఆమెను ఇంటికి తీసుకొచ్చి, అమ్మ ఎదుట కూచోబెట్టి, ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పించాను. చెప్పడం అయ్యాక అమ్మ వైపు తిరిగాను.

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఎలా తెలుసు నీకు, ఇది మాలిస్ కాదని?"

అమ్మ చేతులకంటిన పిండి తువ్వాలుకు తుడుచుకుంది.

"మాలిస్‌ని నా చేతుల్తో పూడ్చాను కనక తెలుసు" అంది చివరికి. "సిసొఫోన్ దారిలో. నీకూ జ్వరమే, దానికీ జ్వరమే. నీకు ఒంటిమీద తెలివి లేదు. అది రెండో రోజుకే పోయింది. మీ నాన్న గొయ్యి తవ్వి, ఆ మట్టి చేతులతోనే లేచి, బియ్యం తెస్తానని సరిహద్దు వైపు వెళ్ళాడు. మనిషి మనిషిలా లేడు. నువ్వు లేచి చెల్లేదీ అన్నావు. నాన్నతో పంపానన్నాను."

"ఎందుకమ్మా? పద్నాలుగేళ్ళు?"

అమ్మ నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ దారిలో ఒక కుంట. ఆ నీళ్ళు తాగొద్దని అమ్మ మరీ మరీ చెప్పింది. చెల్లి దాహమని ఏడుస్తుంటే నేనే దోసిట్లో తెచ్చి పట్టించాను. నేనూ తాగాను.

"ఆ నీళ్ళా?" అన్నాను.

"ఎవరికి తెలుసు? అప్పుడు ఏం తిన్నాం, ఏం తాగాం, దేనివల్ల ఎవరు పోయారో ఎవరు చెప్పగలరు? పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన అది పెట్టలేకపోయాను. పెద్దదానివయ్యాక చెబుదామనుకున్నాను. ఇంతలో నీ మొగుడు పోయాడు."

నేను ఏడ్చాను. ఇన్నాళ్ళూ అమ్మను ఎన్నెన్ని అనుకున్నానో తలుచుకుని కూడా ఏడ్చాను. ఆ పిల్ల మాత్రం లేచి సంచీ సర్దడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"నేను మీ అమ్మాయిని కాదుగా."

"కాదు. ఆ రోజే చెప్పాను నేరీకి. దొంగవనుకున్నాను. ఎవరో పేరు అమ్ముకుంటే కొనుక్కొచ్చావనుకున్నాను." అమ్మ ఆమె చేతిలోంచి సంచీ తీసుకుంది. "ఆయన నిన్ను దాని పేరుతో పెంచుకున్నాడని నాకేం తెలుసు? కూచో. ఆయన నీకు అన్నం తినిపించేవాడా?"

"శిబిరంలో ఇచ్చిన బియ్యంలో తన వంతు కూడా నాకే పెట్టేవాడమ్మా."

"జడ వేసేవాడా?"

"వేసేవాడు. వంకరగా."

అమ్మ నవ్వబోయి ఆపుకుంది. తర్వాత ఆ పిల్లే భయంభయంగా అడిగింది. "ఆయన నన్ను బతికున్న తల్లి దగ్గర్నుంచి తెచ్చాడంటారా?"

"అలాంటి మనిషి కాదు" అంది అమ్మ గట్టిగా. ఆ మాటకు ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నేనూ విన్నాను, ఆ పిల్లా విన్నది.

ఆ వారంలోనే పగోడాలో నాన్నకూ చెల్లికీ పుణ్యకార్యం చేయించాం. పోయినవాళ్ళ పేర్లు చెప్పమని భిక్షువు అడిగితే ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. మాలిస్ అని చదివితే తన పేరే చనిపోయినవాళ్ళలో వినాలి. అమ్మ ముందుకు జరిగి, "ఆ-తూచ్ అని చదవండి స్వామీ, ఇంట్లో చిన్నదని అలాగే పిలిచేవాళ్ళం" అంది. తర్వాత మా పక్కింటావిడ వైపు చూసి, "నిన్ను కాదులే" అని గొణిగింది. తూచ్ పిన్ని చేతులు జోడించింది.

మాలిస్ మాతోనే ఉండిపోయింది. రెండేళ్ళకు పక్క వీధి వడ్రంగిని పెళ్ళి చేసుకుంది. గోడ దగ్గరికి వెళ్ళడం మాత్రం మానలేదు. అక్షరం ముక్క రాని అమ్మ కూడా ఆమెతో వెళ్ళేది, ఆ కాగితాల ముందు నిలబడి, "ఎవరైనా రాశారా?" అని అడిగేది. "లేదమ్మా" అనగానే అమ్మ ముఖంలో ఊరట కనబడేది. అది మాలిస్ చూస్తుందేమోనని వెంటనే తువ్వాలు ముఖం మీదికి సర్దుకునేది.