దర్జీ ఇంటి తలుపు రంగు

ఉద్యోగ విరమణ అయ్యాక ఊరికే కూర్చుంటే దేవుడికి కూడా నచ్చదనిపించి, మా వీధి చివరనున్న శరణార్థుల సహాయ కేంద్రంలో చేరాను. చెప్పుల దుకాణం మీద రెండు గదులు. ఒకదాన్నిండా ఎవరెవరో ఇచ్చిన కోట్లు, దుప్పట్లు. రెండోదాంట్లో ఒక బల్ల, రెండు కుర్చీలు. ఆ బల్ల దగ్గరే నా పని. శరణు కోరి వచ్చినవాళ్ళను ప్రభుత్వ కార్యాలయంలో జరిగే విచారణకు తయారు చేయాలి. అధికారి అడిగినట్టే నేను అడుగుతాను, వాళ్ళు జవాబు చెబుతారు.

నాకు అప్పగించిన మనిషి దర్జీ. అతని దేశంలో తుపాకులు పట్టిన గుంపు ఒకటి నూట ఇరవై చొక్కాలు కుట్టమంటే, కుట్టనన్నాడు. దుకాణం తగలబెట్టారు. ప్రాణం తీయడానికి వెతుకుతుంటే నడిచి సరిహద్దు దాటాడు. విచారణలో నెగ్గకపోతే అక్కడికే తిరిగి పంపేస్తారు. వాళ్ళింకా వెతకడం మానలేదు.

చిక్కల్లా ఒకటే. తన కథ ఏ రెండు రోజులూ ఒకేలా చెప్పడు.

"ఎన్ని రోజులు నడిచావు?"

"నాలుగు, అన్నయ్యా."

"నిన్న ఐదన్నావు."

"ఒక రోజు నడవలేదుగా, కూర్చుండిపోయాను. దాన్ని కలపాలా, వద్దా?"

"సరే. మీ ఇంటి తలుపు ఏ రంగు?"

"నీలం. సాయంత్రం ఎండ పడితే ఆకుపచ్చ."

"ఏదో ఒకటి చెప్పు నాయనా. ఆ అధికారి సాయంత్రం దాకా కూర్చోడు."

నాకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య ఒక్కటే. ప్రార్థనలు పైకి చదివి కంఠతా పట్టడం. అదే దారి పట్టించాను. అతని కథ అతను చెప్పినట్టే, 'నేను, నేను' అంటూ ఒక కాగితం మీద రాసి, రోజూ ఇరవై సార్లు పైకి చదివి వినిపించాను. నెల తిరిగేసరికి పొల్లు పోకుండా వచ్చేసింది. నాకు. అతనికి కాదు.

"చొక్కా గుండీ ఊడింది, కుట్టించుకోండి అంటే 'కుట్టను, చంపుతారా చంపండి' అంటారేమిటి?" అని మా ఆవిడ విసుక్కుంది.

విచారణ రోజు తోడుగా నేనూ వెళ్ళాను. అధికారి ముందు నాలుగు పెన్సిళ్ళు, నాలుగూ ఒకే పొడుగు. దర్జీ మొదటి ప్రశ్నకే నీళ్ళు నమిలాడు. నాలుగన్నాడు, ఐదన్నాడు, మధ్యలో కూర్చున్నానన్నాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి సూర్యుణ్ణి కూడా లాక్కొచ్చాడు. అధికారి పెన్సిల్ కింద పెట్టాడు.

"ఈ కథ మీరు విన్నారా?" అని నన్నడిగాడు.

"విన్నానండి."

"అయితే మీరు చెప్పండి."

మొదలుపెడితే నాకు ఆపడం రాదు. నాలుగు రోజులు, నీలం తలుపు, నూట ఇరవై చొక్కాలు. చొక్కాల దగ్గర కళ్ళు తుడుచుకున్నాను. రోజూ అక్కడ తుడుచుకోవడం అలవాటే. అధికారి రాస్తూనే ఉన్నాడు.

"ఇంత నిలకడైన వాంగ్మూలం ఈ మధ్య వినలేదు," అని నా పేరు, ఇంటి చిరునామా కూడా రాసుకున్నాడు.

పది రోజులకు రెండు ఉత్తరాలు వచ్చాయి. కేంద్రానికి వచ్చినదాంట్లో దర్జీ ఇరవై ఒక్క రోజుల్లో దేశం విడిచి వెళ్ళాలని ఉంది. మా ఇంటికి వచ్చినదాంట్లో నాకు శరణు ఇచ్చామని, ఐదేళ్ళ పాటు ఈ ఊళ్ళో ఉండవచ్చని, దగ్గరి బంధువులను కూడా ఉంచుకోవచ్చని ఉంది.

మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. "అరవై రెండేళ్ళుగా అనుమతి లేకుండానే ఉన్నారన్నమాట. ఐదేళ్ళయ్యాక ఎక్కడికి పంపుతారట? బట్టలు సర్దాలా?"

జనన ధ్రువపత్రం పట్టుకుని, దర్జీని వెంటబెట్టుకుని కార్యాలయానికి పరుగెత్తాను.

"నేను శరణార్థిని కానండి. ఇక్కడికి మూడు వీధుల అవతల పుట్టాను."

అధికారి నా వైపు జాలిగా చూశాడు. "భయపడకండి. మిమ్మల్నెవరూ వెనక్కి పంపరు. ప్రాణభయంతో వచ్చినవాళ్ళు ఇలాగే అంటారు."

"భయం కాదండి, నిజం."

"అయితే మీరు మాట మార్చారని రాయాలి. అప్పుడు ఆ కథే అబద్ధమవుతుంది. అదే కథ చెప్పిన ఈయనకు అప్పీలు కూడా మిగలదు. రాయమంటారా?"

వద్దన్నాను. అతను పెన్సిల్ దించాడు. దర్జీ గోడకు ఆనుకుని, ఎవరిదో కోటు చేతుల్లోకి వేళ్ళు ముడుచుకుని నిలబడ్డాడు. మనిషి అప్పుడే సగం వెళ్ళిపోయినట్టున్నాడు. నేను జీవితంలో తెలిసి అబద్ధం ఆడలేదు. ఆ ఉత్తరంలో దగ్గరి బంధువులని రాసిన వాక్యం మాత్రం కళ్ళ ముందు కదులుతోంది.

"ఇతను నా తమ్ముడు," అన్నాను.

దర్జీ కోటు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీశాడు.

"అలాగైతే చూద్దాం," అని అధికారి మమ్మల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగాడు. నేను మామూలుగానే చెప్పాను. నాలుగు రోజులు, నీలం తలుపు. తరువాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. తలకిందులుగానైనా నాకు కనిపించింది. దర్జీ కాగితంలో ఐదు రోజులు, ఆకుపచ్చ తలుపు.

అధికారి మొదటిసారి నవ్వాడు. "నాకూ ఒక అన్నయ్య ఉన్నాడు. మా ఇంటికి మెట్లు ఎన్నో మేమిద్దరం ఇప్పటికీ ఒప్పుకోం. మీరిద్దరూ ఒకేలా చెప్పి ఉంటే అనుమానించేవాణ్ణి." ముద్ర తీసి దర్జీ కాగితం మీద గట్టిగా వేశాడు.

మర్నాడు పొద్దున్న దేవుడి ముందు కూర్చున్నాను. అబద్ధమాడాను, మన్నించమని అడగాలనుకున్నాను. కానీ జరిగినవాటిలో ఏది అబద్ధమో విడదీయడం నాకు చేతకాలేదు. పుట్టిన ఊళ్ళో నాకు శరణు ఇవ్వడమా, వాడు నా తమ్ముడనడమా? ఆయనే తేల్చుకుంటాడులే అని ప్రార్థన మొదలుపెట్టాను.

ముందు గదిలో దర్జీ నా చొక్కాకు గుండీ కుడుతున్నాడు.

"ఇంతకీ మీ ఇంటి తలుపు ఏ రంగయ్యా?" అని అడుగుతోంది మా ఆవిడ.

"ఆకుపచ్చ, వదినా."

ప్రార్థన మధ్యలో లేవకూడదు. లేచాను.

"నీలం," అన్నాను.